ఈ ఎముక పొడి ఎక్కడిది?

(వరంగల్‌లో దంతవైద్యులు, వైద్య సామగ్రి వ్యాపారులు, విద్యార్థులు, ఉలమాలు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము దంతవైద్య సామగ్రి అమ్మి బతుకుతున్న చిన్న వ్యాపారులం. వరంగల్, హన్మకొండ, కాజీపేటలలోని క్లినిక్‌లకు దూది, చేతి తొడుగులు, సిమెంటు, సూదులు వంటివి సరఫరా చేస్తూ వచ్చాం. ఈ మధ్య మన ఊళ్లో కూడా ఇంప్లాంట్లు వేసే క్లినిక్‌లు పెరిగాయి. ఇంప్లాంటు వెంట ఎముక గ్రాఫ్టు వస్తుంది. డాక్టర్లు ఫోను చేసి అడుగుతున్నారు. మా దగ్గర లేకపోతే హైదరాబాదు డిపోల నుంచి తెప్పించుకుంటున్నారు. కాబట్టి ఏదో ఒక కంపెనీ డీలర్‌షిప్ తీసుకోక తప్పని స్థితి వచ్చింది. ఏ సరుకు తీసుకోవాలి? పైకి ఇది మా లాభనష్టాల ప్రశ్న. లోపలికి వెళ్లేకొద్దీ ఇది రోగి హక్కు ప్రశ్న అని, అందులోనూ మన సముదాయపు గౌరవంతో ముడిపడిన ప్రశ్న అని తెలిసివచ్చింది. అందుకే ఈ మాటలు దుకాణంలో కాకుండా సభలో చెబుతున్నాం.

దంతవైద్యులు కాని వారి కోసం ముందుగా విషయం చెప్పాలి. పన్ను తీసివేసిన తరువాత దానిని పట్టి ఉంచిన దవడ గట్టు కరగడం మొదలవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ గట్టు వెడల్పు సగం వరకు తగ్గిపోవచ్చు. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. చిగుళ్ల వ్యాధి ముదిరిన వారిలో పన్ను ఊడకముందే చుట్టూ ఉన్న ఎముక తినివేయబడుతుంది. చక్కెర వ్యాధి అదుపులో లేని వారిలో ఇది మరింత తొందరగా సాగుతుంది. ఆ ఖాళీలో ఇసుక రేణువుల వంటి పొడిని నింపుతారు. మన శరీరం ఆ రేణువులను ఆధారం చేసుకొని కొత్త ఎముకను అల్లుకుంటుంది. పావు గ్రాము, అర గ్రాము చొప్పున చిన్న సీసాల్లో వస్తుంది. పైన ఒక పలుచని పొర పరిచి కుట్లు వేస్తారు.

ఈ పొడి నాలుగు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది రోగి సొంత ఎముక. గడ్డం దగ్గర నుంచో, దవడ వెనుక భాగం నుంచో తీస్తారు. అన్నిటికన్నా మంచిదే గాని మరో గాయం చేయాలి. రెండవది మరణించిన దాతల ఎముక. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1988 నుంచి కణజాల బ్యాంకు నడుపుతూ, రేడియేషన్‌తో శుద్ధి చేసిన మానవ ఎముకను అందిస్తున్నది. మూడవది జంతువు ఎముక. నాలుగవది కృత్రిమంగా తయారుచేసిన కాల్షియం ఫాస్ఫేట్ లేదా గాజు. గాజు అంటే కిటికీ గాజు కాదు. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ అనే శాస్త్రవేత్త ఎముకతో అతుక్కుపోయే గాజును కనిపెట్టాడు. నోవాబోన్ అనే సరుకు ఆ వంశానిదే. మన దేశంలోనే తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఇటువంటి పదార్థాలపై పనిచేసింది.

సంతలో ఎక్కువ పేరున్నది మూడవ రకం. స్విట్జర్లాండుకు చెందిన గైస్ట్‌లిక్ కంపెనీ బయో-ఆస్ ఆవుజాతి పశువుల ఎముక నుంచి తయారవుతుంది. మాంసకృత్తులన్నీ పోయేటట్లు శుద్ధి చేసి, ఖనిజపు చట్రాన్ని మాత్రమే మిగుల్చుతారు. ప్రపంచంలో దీని మీద జరిగినన్ని పరిశోధనలు మరే గ్రాఫ్టు మీదా జరగలేదంటే అతిశయోక్తి కాదేమో. మన దేశంలో దొరికే ఆసియోగ్రాఫ్ట్ కూడా పశువుల ఎముక నుంచి తీసినదే. అయితే అందులో ఖనిజం తీసివేసి కొల్లాజెన్‌ను ఉంచుతారు. చెన్నైకి చెందిన యూకేర్ కంపెనీ సైబోగ్రాఫ్ పూర్తిగా కృత్రిమం.

పొడి సంగతి ఇంతవరకు తేటగానే ఉన్నది. అసలు చిక్కు పైన పరిచే పొరలో ఉన్నది. బయో-ఆస్ పక్కన అమ్ముడయ్యే బయో-గైడ్ పొర పంది కొల్లాజెన్‌తో చేసినది. అది కంపెనీ దాచిన విషయం కాదు, వారి పత్రాల్లోనే ఉంటుంది. కాని ఆ పత్రం పెట్టెలో ఎనిమిది మడతలు పడి, చీమల వంటి అక్షరాలతో ఉంటుంది. పెట్టె తెరిచేది నర్సు. పొర వాడేది డాక్టరు. పత్రం చెత్తబుట్టలోకి పోతుంది. నోట్లో పెట్టించుకున్న మనిషికి మాత్రం ఆ సంగతి తెలియదు. కొన్ని గ్రాఫ్టు ముద్దల్లో రేణువులను పట్టి ఉంచే గ్లిజరిన్ కూడా మొక్కల నూనె నుంచి రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. రక్తం ఆపడానికి పెట్టే జెలటిన్ స్పాంజీ, పాతకాలపు క్యాట్‌గట్ కుట్టుదారం కూడా ఈ కోవలోనివే. క్యాట్‌గట్ పేరులో పిల్లి ఉన్నా అది గొర్రెల, పశువుల పేగుల నుంచి చేసిన దారం.

డీలర్‌షిప్ మాట్లాడటానికి వచ్చిన కంపెనీల ప్రతినిధులను మేము ఒకే ప్రశ్న అడిగాం: ఇది ఏ జంతువుది? ఒకరు వెంటనే చెప్పారు. ఇంకొకరు "నేచురల్ సార్" అన్నారు. పేరు చెప్పడం భావ్యం కాదు గాని మరొకరు మా పేర్లు చూసి, అడగకముందే "పూర్తి హలాల్ సార్" అన్నారు. కాగితం చూపమంటే చూపలేదు. ఈ మూడవ జవాబే మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది. మన విశ్వాసం సరుకు అమ్ముకోవడానికి పనికివచ్చే మాటగా మారితే, నిజం చెప్పవలసిన బాధ్యత ఎవరికీ మిగలదు.

షరీఅత్ దృష్టి ఏమిటన్నది ఉలమాలను అడిగి తెలుసుకున్నాం. మేము ఫత్వా చెప్పేవాళ్లం కాము. విన్నది మాత్రం మీ ముందు పెడతాం. ఆశ్చర్యం ఏమంటే, ఎముకతో వైద్యం అన్నది కొత్త ప్రశ్న కాదు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ఫతావా ఆలంగీరీలోనే ఈ చర్చ ఉన్నది. గొర్రె, ఆవు, ఒంటె వంటి జంతువుల ఎముకతో చికిత్స చేసుకోవడంలో దోషం లేదని, పంది ఎముకను, మనిషి ఎముకను మాత్రం మినహాయించాలని హనఫీ ఇమాములలో ఒకరైన ఇమాం ముహమ్మద్ అభిప్రాయంగా అందులో నమోదైంది. పంది అపవిత్రత కారణంగా, మనిషి గౌరవం కారణంగా ఆ మినహాయింపులు. షాఫయీ ఫిఖహ్‌లోనూ విరిగిన ఎముకను అపవిత్రమైన ఎముకతో అతికించుకున్న వాని సంగతి చర్చించారు. పవిత్రమైనది దొరకనప్పుడు అతనిని క్షమించదగినవానిగా చూశారు. తెలంగాణ ముస్లింలలో అత్యధికులు హనఫీలు, హైదరాబాదు బార్కస్ వంటి చోట్ల షాఫయీలు ఉన్నారు. రెండు దారుల్లోనూ జవాబు వెతకడానికి తలుపు తెరిచే ఉన్నది.

మనిషి ఎముక విషయంలో పాత అభిప్రాయం తరువాతి కాలంలో మళ్లీ చర్చకు వచ్చింది. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన ఫిఖహ్ అకాడమీ 1988లో జిద్దాలో జరిగిన సమావేశంలో అవయవ మార్పిడిని షరతులతో అనుమతించింది. మన దేశపు ఇస్లామిక్ ఫిఖహ్ అకాడమీ కూడా 1989లో జరిపిన మొదటి సెమినార్‌లోనే ఆ అంశాన్ని చేపట్టింది. ఇక పంది విషయంలో రెండు సూత్రాలు వినిపిస్తాయి. ఒకటి ఇస్తిహాలా. అంటే పదార్థం పూర్తిగా రూపం మారిపోతే తీర్పు కూడా మారుతుందన్న సూత్రం. 1995లో కువైట్‌లో జరిగిన వైద్య, ధార్మిక నిపుణుల సదస్సు జెలటిన్ విషయంలో ఈ వైపే మొగ్గింది. అంగీకరించని ఉలమాలు చాలామంది ఉన్నారు. పొరలోని కొల్లాజెన్ ఇంకా కొల్లాజెన్‌గానే ఉన్నదని, రూపం మారలేదని వారి వాదం. రెండవది అత్యవసరం, ప్రాణాపాయంలో నిషిద్ధమైనదానికి కూడా సడలింపు ఉన్నదన్న సూత్రం. సూరహ్ బఖరా 173వ ఆయతు మీ అందరికీ తెలిసినదే. అయితే చెన్నైలో చేప కొల్లాజెన్‌తో చేసిన పెరియోకోల్ వంటి పొర దొరుకుతుండగా, పంది పొర తప్ప గతి లేదని చెప్పగలమా? దవడ ఎముక నింపడం గుండె ఆపరేషను వంటిది కాదు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉన్న చికిత్స ఇది. వ్యవధి ఉన్నచోట అత్యవసరం సాకు చెల్లదన్నదే మాకు తోచినది.

మా ఇరుగుపొరుగు గురించి కూడా ఇక్కడ చెప్పాలి. మా దగ్గర కొనే డాక్టర్లలో ఎక్కువమంది హిందువులు, వారి రోగులు కూడా అంతే. పంది పొర మాకెంత కష్టమో, ఆవు ఎముక పొడి మా పొరుగింటి అమ్మకు అంత కష్టం. మార్వాడీ బజారులోని జైన కుటుంబానికి ఏ జంతువైనా కష్టమే. ఒకసారి ఒక క్లినిక్‌లో గ్రాఫ్టు వేసిన రెండు వారాలకు ఒక పెద్దావిడ అది ఆవు ఎముక అని తెలుసుకొని, తీసివేయమని ఏడ్చారు. అప్పటికి అది తీయడానికి వీలైనది కాదు. ఆ క్లినిక్‌కు సరుకు పంపింది మేము కాదు. కాని మేమై ఉంటే ఏమయ్యేదని చాలా రోజులు మాట్లాడుకున్నాం. నేటి వాతావరణంలో, ముస్లిం దుకాణదారు ఆవు ఎముక పొడిని చెప్పకుండా హిందువు నోట్లో పెట్టించాడన్న మాట ఎంత దూరం పోతుందో మీకు వేరే చెప్పనవసరం లేదు. ఆ పొడి స్విట్జర్లాండు నుంచి వచ్చిందా, చట్టబద్ధంగా దిగుమతి అయిందా అని అడిగేవాడు ఉండడు. మనకు తెలుసుకునే హక్కు కావాలని అడిగే నోటితోనే పొరుగువారికి ఆ హక్కు ఇవ్వాలి. మాకు ఇది నీతి, రక్షణ కూడా.

చట్టం ఏమంటున్నది? మందుల్లో, సౌందర్య సాధనాల్లో జంతు పదార్థాలు ఉంటే లేబుల్‌పై చెప్పాలని కోరుతూ ఓజైర్ హుసేన్ అనే పౌరుడు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. 2002లో ఆ న్యాయస్థానం ఆయన వాదనను అంగీకరించింది. ప్రాణరక్షక ఔషధాలను మినహాయించి, మిగిలిన వాటి మీద గుర్తు ఉండాలన్నది. తాను వాడేది ఏమిటో తెలుసుకోవడం జీవన స్వేచ్ఛలో, మత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. కంపెనీల సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. అటువంటి నియమాలు చేయడం ప్రభుత్వం పని అన్నది దాని సారాంశం. ఆహారం విషయంలో 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మళ్లీ ఇదే హక్కును గట్టిగా చెప్పింది. అంటే బిస్కెట్టు పొట్లంపై ఆకుపచ్చ చుక్క ఉండాలి, దవడలో శాశ్వతంగా ఉండిపోయే పదార్థానికి మాత్రం అటువంటి చుక్క అవసరం లేదు. ఈ వింత మన ఒక్కరి సమస్య కాదు. ఒక పౌరుడు మొదలుపెట్టిన పోరాటం శాకాహారులందరి పోరాటంగా నిలిచిందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

లేబుల్ సంగతి అలా ఉన్నా, డాక్టరు బాధ్యత వేరు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముప్పు తెలియజేసి సమ్మతి తీసుకోవాలని చెప్పింది. జంతు ఎముకకు బదులు కృత్రిమ ఎముక ఉన్నదన్న మాట ప్రత్యామ్నాయం కాక మరేమిటి? 2021లో సవరించిన అంతర్జాతీయ వైద్య పరికరాల గుర్తుల ప్రమాణంలో జంతు మూలానికి, మానవ మూలానికి విడివిడిగా గుర్తులున్నాయి. డాక్టర్లు ఆ గుర్తులు చదవడం అలవాటు చేసుకోవాలని మనవి.

ఇక్కడ మన సోదరులలో కొందరు, హలాల్ ముద్ర ఉన్న సరుకే తెప్పించవచ్చు కదా అంటారు. మలేసియా 2019లో హలాల్ వైద్య పరికరాలకు ప్రత్యేక ప్రమాణం తెచ్చింది నిజమే. కాని మన దేశంలో ఆ దారి ఇరుకు. 2023 నవంబరు 18న ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఎగుమతి సరుకును మినహాయించి హలాల్ ముద్ర ఉన్న వస్తువుల తయారీ, నిల్వ, అమ్మకాలను నిషేధించింది. ఔషధాలు, వైద్య పరికరాల లేబుల్‌పై ఆ ముద్రకు చట్టంలో చోటు లేదన్నది ఆ ఉత్తర్వులోని ఒక వాదన. ఆ ఉత్తర్వు మంచిచెడ్డలు వేరే సభలో మాట్లాడుకుందాం. మాకు అర్థమైనది ఇది: ముద్ర అడిగితే అది మన ఒక్కరి కోరికగా మిగులుతుంది, వివాదమవుతుంది. మూలం అడిగితే అది అందరి హక్కు అవుతుంది. ఆవు, పంది, చేప, మనిషి, కృత్రిమం: ఈ అయిదు మాటల్లో ఏదో ఒకటి పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. తీర్పు ఎవరి మనస్సాక్షి వారు, ఎవరి ముఫ్తీ వారు చెప్పుకుంటారు.

ఈ ఆలోచనలన్నీ అయిన తరువాత మేము తీసుకున్న నిర్ణయం చెబుతాం. దుకాణంలో ప్రధానంగా కృత్రిమ గ్రాఫ్టులే నిల్వ చేస్తాం. హైడ్రాక్సీ అపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కలిసినవి, గాజు రకం. వాటి ముద్దల్లోని గ్లిజరిన్ ఎక్కడిదో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. పొరల్లో చేప కొల్లాజెన్‌వి, కృత్రిమ పాలిమర్‌వి ఉంచుతాం. ఆవు ఎముక పొడిని నిల్వ చేయం. డాక్టరు రోగి సమ్మతి తీసుకున్నానని రాసి అడిగితే తెప్పించి ఇస్తాం. పంది పొర మేము అమ్మం. కావలసిన డాక్టరుకు అది ఎక్కడ దొరుకుతుందో చెబుతాం. మా విశ్వాసం మా దుకాణానికి హద్దు గీస్తుంది గాని మరొకరి చికిత్సకు అడ్డం నిలబడకూడదు.

దీనివల్ల నష్టం లేదని అనము. దిగుమతి సరుకు ధర ఎక్కువ, ఒక్కో సీసా మీద మిగిలే రూపాయలూ ఎక్కువే. దేశీయ కృత్రిమ పొడి ధర అందులో చిన్న భాగం. అయితే ఆ మాటకు రెండో వైపు కూడా ఉన్నది. ఖరీదైన సీసా గడువు తీరి అలమారలో ఉండిపోతే చిన్న వ్యాపారి నడుము విరుగుతుంది. మన ఊరి రోగి చేతిలో ఉన్న డబ్బుకు తక్కువ ధర సరుకే సరిపోతుంది.

వైద్యుల అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ఎగువ దవడలో సైనస్ ఎత్తే ఆపరేషన్ల వంటి వాటిలో ఆవు ఎముక పొడి ఏళ్ల తరబడి కరగకుండా ఆకారం నిలబెడుతుందని, కృత్రిమాలలో కొన్ని తొందరగా కరిగిపోతాయని ఒక పెద్ద డాక్టరు గారు మాకు వివరించారు. ట్రైకాల్షియం ఫాస్ఫేట్ విషయంలో అది నిజం. హైడ్రాక్సీ అపటైట్ నెమ్మదిగా కరుగుతుంది కనుక రెండూ కలిపిన రకాలు వచ్చాయి. పన్ను తీసిన గుంత నింపడం, చిగుళ్ల వ్యాధి చేసిన చిన్న లోతులు నింపడం వంటి రోజువారీ పనులకు కృత్రిమం తీసిపోదని ఆయన కూడా ఒప్పుకున్నారు. రోగి సొంత రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ఫైబ్రిన్ పొర చేసుకునే పద్ధతి కూడా ఉన్నది. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ వివరించిన ఆ పద్ధతికి సెంట్రిఫ్యూజ్ ఒకటి, గొట్టాలు కొన్ని చాలు. ఏ జంతువు నుంచీ రాని పొర అది. యంత్రం మేము అమ్ముతాం కనుక ఈ మాటలో మా స్వార్థం కూడా ఉన్నదని ఒప్పుకుంటున్నాం.

చెబితే రోగి భయపడి చికిత్స మానుకుంటాడన్నది మరో మాట. అందుకు మేము కొందరు డాక్టర్లతో కూర్చొని రోగికి చెప్పవలసిన మాటలు రాశాం. "అమ్మా, ఎముక నింపడానికి ఒక పొడి వాడాలి. ఆవు ఎముకతో చేసినది ఉంది, ఫ్యాక్టరీలో చేసినది ఉంది. పైన వేసే పొర చేపది ఉంది, పందిది ఉంది. మీకు ఏది వద్దో చెప్పండి, మిగిలినదాంట్లో మీకు పనికొచ్చేది నేను చెప్తాను." ఇంతే. అర నిమిషం పడుతుంది. ఉర్దూలో కూడా అచ్చువేసి ఇస్తున్నాం. తెలంగాణ దంతవైద్య విద్యార్థులకు పట్టాలిచ్చే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం మన ఊళ్లోనే ఉన్నది. పదార్థాల మూలం గురించి రోగితో ఎలా మాట్లాడాలో పాఠంలో చేర్చమని వారికి వినతిపత్రం ఇవ్వాలని ఉన్నది. ఈ సభలోని డాక్టర్లు మతభేదం లేకుండా సంతకాలు చేస్తే అది మైనారిటీల వినతిగా కాక రోగుల వినతిగా చేరుతుంది.

మన యువకులకు ఒక మాట. వైద్య పరికరాలు అమ్మాలంటే 2022 సెప్టెంబరు సవరణ తరువాత ఎండీ-42 నమోదు పత్రం ఉండాలి. భయపడవలసినది ఏమీ లేదు. డిగ్రీ చదివినవారో, నమోదైన ఫార్మసిస్టో, లేదా ఇంటర్ చదివి ఈ అమ్మకాల్లో ఒక ఏడాది అనుభవం ఉన్నవారో ఒకరుంటే చాలు. తగిన చోటు, నిల్వకు తగిన ఏర్పాటు, కొనుగోలు అమ్మకాల లెక్కలు ఉండాలి. సంచిలో సరుకు వేసుకొని క్లినిక్ క్లినిక్‌కు తిరిగి, బిల్లు లేకుండా అమ్మే కాలం పోయింది. బ్యాచ్ నంబరు రాయని చోట రేపు ఏదైనా తేడా వస్తే, ఆ సరుకు మనది కాదని రుజువు చేసుకునే దారి కూడా ఉండదు. మనవాళ్లను అనుమానంతో చూసే రోజుల్లో మన కాగితాలు ఇతరుల కాగితాలకన్నా శుభ్రంగా ఉండాలి. ఇది న్యాయం కాదని మాకూ తెలుసు. అయినా ఉండాలి.

మేము ఒక పుస్తకం పెట్టుకున్నాం. అందులో ప్రతి సరుకు పేరు, బ్యాచ్, ఎదురుగా మూలం అనే గడి. కంపెనీలకు ఉత్తరాలు రాశాం. జవాబు ఇచ్చినవారి కాగితాన్ని ఆ పేజీకి అతికిస్తున్నాం, ఇవ్వనివారి గడి ఖాళీగా ఉంచుతున్నాం. డాక్టరైనా, రోగైనా, పక్క దుకాణంవారైనా ఆ పుస్తకం అడిగి చూడవచ్చు. ఈ రోజు దానిని ఇక్కడికే తెచ్చాం, వెనుక బల్ల మీద ఉన్నది. ప్రశ్నలుంటే ఉలమాలు, డాక్టర్లు కూడా ఇక్కడే ఉన్నారు, అడగండి.